మైపాడు దగ్గర రెండు రాత్రులు, ఊకతో నడిచే మరుగుదొడ్డి

డిసెంబరు రెండో వారంలో అత్తయ్యను తీసుకుని మైపాడు వెళ్ళాం. తీరం పక్కనే తీసుకున్న మొదటి గదిలో కుళాయి తిప్పితే ఉప్పునీళ్ళు, దుప్పట్లు ముట్టుకుంటే చెమ్మ. మూడు గంటలకే ఖాళీ చేసి, బకింగ్‌హామ్ కాలువకు ఇవతల సరుగుడు తోటలో ఉన్న చిన్న బసకు మారాం. భోజనంతో కలిపి రోజుకు 2,200 రూపాయలు. రాత్రి వండిన చేపల పులుసును మర్నాడు ఉదయం వడ్డించారు. నెల్లూరు మనిషికి ఇంతకన్నా మర్యాద ఏం కావాలి?

చిక్కల్లా మరుగుదొడ్డితోనే. దానిలో నీళ్ళు పోయకూడదు. ముందున్న గరాటు గుండా మూత్రం ఒక డబ్బాలోకి పోతుంది, మలం వెనక బకెట్లో పడుతుంది. పైన రెండు దోసిళ్ళ ఊక, కాస్త బూడిద చల్లాలి. గొట్టంలో చిన్న ఫ్యాను గాలిని బయటికి లాగుతుంటుంది.

"మా చిన్నప్పుడు చెంబు పట్టుకుని వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు చాట పట్టుకోవాలా?" అంది అత్తయ్య.

బస యజమాని నవ్వాడు. ఆయన ఇంగ్లండులో రెండేళ్ళు కాలువ మీద, ఏడడుగుల వెడల్పైనా లేని పడవలో కాపురమున్నాడట. అక్కడా ఇలాంటిదే. జనవరిలో కాలువ గడ్డకడితే, మలం ట్యాంకులో నిలవచేసుకునే పక్క పడవల వాళ్ళకు అది నిండిపోయేదట. తోడించుకునే చోటికి పోదామంటే పడవ కదిలేది కాదు. ఈయన బకెట్టుకు మాత్రం నీళ్ళతో పనిలేదు, పగిలే గొట్టాలూ లేవు. అయితే బయట పెట్టిన మూత్రం డబ్బా రాయిలా బిగుసుకుని, మధ్యాహ్నం దాకా ఒంపడానికి వీలయ్యేది కాదట. ఆ చలిలో మలం కుళ్ళి ఎరువు కావడం కూడా దాదాపు ఆగిపోయేది. "పడవలో తయారయ్యేది ఎరువు కాదమ్మా, ఎండిన సరుకు మాత్రమే" అన్నాడు.

ఇక్కడ చలి లేదు కానీ వాన ఉంది. రెండో రాత్రి ముసురు పట్టింది. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, ఊక మెత్తబడింది. అరగంటలో వాసన! ఒక చిన్న బ్యాటరీ పెట్టి ఉంటే సరిపోయేది. కడుక్కోవడానికి పక్కనే విడిగా గచ్చు కట్టారు. ఆలోచన మంచిదే. కాగితంతో తుడుచుకునే పడవవాళ్ళకు ఈ బాధ లేదు, మనకు నీళ్ళు తప్పవు. కానీ మోకాళ్ళ నొప్పులున్న మనిషి చీకట్లో పక్కకు జరిగి కూర్చోవడం మాటలా? గోడకు పట్టుకొమ్మ లేదు. ఈ లోపం ఆయనకే చెప్పాను, రాసుకున్నాడు.

కాలువలో పడవ షికారు గంట అన్నారు, ఇరవై నిమిషాల్లో ఒడ్డుకు చేర్చారు. దాని గురించి ఇంతే.

బయలుదేరే ముందు అత్తయ్య తోట చివర మూతపెట్టిన గుంతల దగ్గరకు వెళ్ళి, మల్లెచెట్టుకు ఒక సంచెడు ఎరువు ఇమ్మని అడిగింది.

"ఏడాది నిండనివ్వండమ్మా. ఇంకా నాలుగు నెలలుంది" అన్నాడాయన.

ఏప్రిల్లో మళ్ళీ వద్దామని కారెక్కాక ఆమే అంది.