12 గంటల డ్యూటీ, మా కుక్క, ఈ గడ్డి ట్రే

నాది 12 గంటల షిఫ్టు, రానూపోనూ కలిపితే 13 దాటుతుంది. ఎదిగిన కుక్క మామూలుగా 6 నుంచి 8 గంటలు ఆపుకోగలదు, అంతకు మించి ఆపుకోమనడం మన తప్పే, రోజూ అలా బిగబట్టుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. అందుకే కుక్క ఇంట్లోనే మూత్రం పోసుకోవడానికి ఈ ప్లాస్టిక్ గడ్డి ట్రే కొన్నాను, పైన గడ్డి, కింద మూత్రం పట్టే ట్రే. మొదటి వారం మావాడు దాన్ని పరుపు అనుకున్నాడు! దర్జాగా దాని మీద పడుకుని, లేచి వెళ్లి డోర్‌మ్యాట్ మీద పోశాడు. చివరికి ఆ తడి తుడిచిన కాగితాన్నే గడ్డి కింద పెడితే, వాసన చూసి, మూడు చుట్లు తిరిగి, కాలెత్తాడు. అప్పటి నుంచి టెన్షన్ తగ్గింది.

ఇబ్బందల్లా కడగడమే. కింది ట్రే రోజూ వంపాలి, ఒక్క రోజు బద్ధకిస్తే ఇల్లంతా కంపు. ఎంజైమ్ క్లీనర్ (మూత్రంలో వాసన తెచ్చే పదార్థాల్ని విడగొట్టే ద్రవం) అయితేనే ఆ వాసన నిజంగా పోతుంది. అమోనియా ఉన్నవి మాత్రం వాడొద్దు, ఆ వాసన మూత్రంలాగే ఉంటుంది కాబట్టి కుక్క మళ్లీ అక్కడికే వస్తుంది. అంచులు మరీ పొట్టి, కాలెత్తే మగకుక్క అయితే గోడ తడవడం ఖాయం, నేను వెనకాల ఓ షీటు నిలబెట్టుకున్నాను.

పిల్లకుక్కకు ఇదొక్కటే చాలదు. నెల వయసుకి గంట చొప్పున లెక్క, అంటే 3 నెలల కూన 3 గంటలే ఆగుతుంది, మధ్యలో ఎవరో ఒకరు రావాల్సిందే. మొత్తమ్మీద ఈ ట్రేకి 5కి మూడున్నర ఇస్తాను.