ఉప్పుగాలిలో నాలుగేళ్లు: స్టెయిర్ ఎల్‌పీ10 ఎయిర్ పిస్టల్ వాడకం

ముందుగా ఒక చిక్కు విప్పేయాలి. పిస్టల్, రైఫిల్, షాట్‌గన్ మూడూ మార్చుకుంటూ పరుగు మీద కాల్చే మల్టీ-గన్ పోటీల వీడియోలు చూసి, వాటికి ఏ పిస్టల్ కొనాలని అడిగేవాళ్లు నెల్లూరులోనూ ఉన్నారు, ఒంగోలులోనూ ఉన్నారు. ఆ పోటీల్లో ఎక్కువగా వాడే 9 ఎంఎం మన దేశంలో ప్రొహిబిటెడ్ బోరు, అంటే మామూలు పౌరులకి లైసెన్సు దొరకని రకం. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ సంగతి సరేసరి. ఆయుధ చట్టానికి 2019 సవరణ వచ్చాక మామూలు లైసెన్సు మీద రెండు తుపాకులకు మించి ఉంచుకోవడానికీ లేదు. అందుకని ఇక్కడ పోటీ పిస్టల్ ఎంచుకోవడమంటే దాదాపు అందరికీ పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ఎంచుకోవడమే. .177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉంటే ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. పోటీ పిస్టల్ అందులో మూడో వంతు కూడా దాటదు: అర గ్రాము పెల్లెట్ (సీసపు గుండు), సెకనుకు 150 మీటర్ల వేగం, ఆరు జౌళ్ల లోపు.

నాలుగేళ్లలో నా స్టెయిర్ ఎల్‌పీ10 పిస్టల్ నుంచి దాదాపు 40 వేల పెల్లెట్లు వెళ్లాయి. 500 పెల్లెట్ల డబ్బాలు 80 అన్నమాట. బారెల్ కొన్నరోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. స్టెయిర్, మోరిని, వాల్తర్, పార్డిని, ఫైన్‌వెర్క్‌బావ్ అయిదు కంపెనీల్లో ఎవరిది కొన్నా బారెల్ మాత్రం మనకంటే బాగానే కాలుస్తుంది. వాటి మధ్య తేడా వెతుక్కుంటూ నెలలు గడపడం దండగ. తేల్చుకోవాల్సింది రెండే: గ్రిప్ (పిడి) చేతికి కుదిరిందా, ట్రిగ్గర్ మెకానికలా ఎలక్ట్రానికా.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ నొక్కితే గాజుముక్క విరిగినట్టు తేలిపోతుంది, కాదనలేం. అయితే టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది, బోలెడు సమయం పోయింది, 575 దగ్గర ఆగి 12వ స్థానంతో ఆమె ఫైనల్‌కి దూరమైంది. ఆ స్థాయిలో పక్కనే కోచ్, మరమ్మతు తెలిసినవాళ్లు ఉంటారు. మనకి సర్క్యూట్ పోతే పార్సిల్ కట్టి పంపి వారాల తరబడి ఎదురుచూడాలి. మైపాడు సముద్రతీరం నుంచి వచ్చే గాలికి ఇంట్లో స్విచ్చుబోర్డు స్క్రూలే చిలుము పడతాయి. అందుకే ఎల్‌పీ10 మెకానికల్ ట్రిగ్గర్‌కే నా ఓటు. అందులో ఉన్నవి స్ప్రింగులు, స్క్రూలు. కంటికి కనిపించే వస్తువు కాబట్టి బాగు చేసుకోవచ్చు. కాల్చేటప్పుడు ఎదురు కదిలి తన్నును మింగేసే చిన్న బరువు లోపల ఉంటుంది. కొత్తవాళ్లకి దాని విలువ మొదటి నెలలో తెలియదు, షాట్ వెళ్లాక గురి చూసే సైట్లు కదలకుండా నిలిచినప్పుడు తెలుస్తుంది.

ఇక అసలు గొడవ గాలిది. పెల్లెట్‌ని తోసేది పిస్టల్‌కి బిగించే సిలిండర్‌లోని ఒత్తిడి గాలి. నిండు సిలిండర్ 200 బార్, అంటే బయటి గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు. పూర్తిగా నింపితే 60 షాట్ల మ్యాచ్, దానికి ముందు సైటర్లు (లెక్కలోకి రాని సరిచూపు షాట్లు), ఆ తర్వాత కాస్త సాధన కూడా అయిపోతాయి. ఇక్కడ డైవింగ్ సిలిండర్ అందరికీ అందదు కాబట్టి చాలామందికి చేతిపంపే గతి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలంలో బయట గాలి ఘనమీటరుకి 20 గ్రాములకు పైగా నీటిని మోస్తుంది. దాన్ని 200 రెట్లు నొక్కితే ఆ నీరు ఎక్కడికి పోతుంది? పంపు అడుగుకి కొంత, సిలిండర్‌లోకి కొంత. లోపల చేరిన తేమ వాల్వు సీటు మీద తెల్లటి పొడిగా కనబడుతుంది, గాలి బయటికి పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ గరుకు తేలుతుంది, ఆపైన లీకు. తప్పు పిస్టల్‌ది కాదు, మనం ఎక్కించిన గాలిది.

దీనికి మందు ఖరీదైంది కాదు. ఏసీ వేసి గంట సేపు తలుపులు మూసిన గదిలో పంపు కొట్టాలి. 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో ఘనమీటరుకి 11 గ్రాముల నీరే ఉంటుంది, అంటే సగం. తెల్లవారుజామున చల్లగా ఉంటుందని బయట వరండాలో కొట్టేవాళ్లున్నారు. చల్లదనం ఒళ్లుకే, గాలిలో నీరు మధ్యాహ్నం ఉన్నంతా ఉంటుంది. 40 దెబ్బలు కొట్టి ఆపి, కింది బ్లీడ్ స్క్రూ తిప్పి నీటితుంపర వదిలేసి, పంపు గొట్టం చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మళ్లీ మొదలుపెట్టాలి. ఆగకుండా కొడితే పంపు సీలే మాడుతుంది. వేడిగా ఉన్న సిలిండర్ గేజు 200 చూపించినా, అది 45 డిగ్రీల నుంచి 30కి దిగేసరికి ముల్లు 190 దగ్గరుంటుంది. గేజు అబద్ధం చెప్పిందనుకోకండి. తిరగేసి, నిండు సిలిండర్‌ని రోహిణి కార్తెలో కారు డిక్కీలో వదిలితే ముల్లు 200 దాటి పోతుంది. అది అసలు చెయ్యకూడని పని.

లీకు ఎక్కడో పట్టుకోవడానికి ఒక రాత్రి చాలు. సిలిండర్ విప్పి, గేజు అంకె రాసి, విడిగా పెట్టండి. పొద్దునకి అంకె దిగితే లీకు సిలిండర్ వాల్వులో ఉంది. వాల్వు నోటి మీద ఒక్క చుక్క సబ్బునీరు వేస్తే బుడగ చెబుతుంది, వెంటనే తుడిచెయ్యాలి. అంకె అలాగే ఉండి, పిస్టల్‌కి బిగించాకే దిగుతుంటే దోషం సిలిండర్ కూర్చునే చోటి ఓ-రింగ్‌ది. మోటారు పంపుల దుకాణంలో కొలతకి సరిపోయే రింగు పది రూపాయలకి దొరుకుతుంది, కానీ అది సాధారణంగా 70 షోర్ మెత్తనిది (షోర్ అంటే రబ్బరు గట్టిదనం కొలత). ఈ ఒత్తిడికి 90 షోర్ కావాలి. చీమకుర్తి గ్రానైట్ మిషన్లకు హైడ్రాలిక్ సామాను అమ్మే ఒంగోలు దుకాణాల్లో షోర్ చెప్పి అడిగితే ఇస్తారు. అయినా పిస్టల్‌తో పాటే అసలు సీల్ కిట్ ఒకటి తెప్పించుకోవడం మేలు. రింగుకి రాసేది సిలికాన్ గ్రీజు, అదీ వేలిముద్ర పడేంతే. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె దగ్గరికి రానివ్వకండి. అధిక ఒత్తిడి గాలిలో నూనెకి నిప్పు అంటుకుంటుంది.

ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకి తగ్గకూడదన్నది నియమం. పరికరాల తనిఖీలో బారెల్ నిట్టనిలువుగా పట్టి, ట్రిగ్గర్‌కి బరువు తగిలించి నేల మీంచి లేపుతారు, పేలకూడదు. ఇంట్లో ఇదే పరీక్షకి కిరాణా కొట్టు అరకిలో రాయి, సైకిల్ ఊచ వంచి చేసిన కొక్కెం చాలు. అరిగిపోయిన రాళ్లు తక్కువ తూగుతాయి కాబట్టి బంగారం కొట్టు త్రాసు మీద ఒకసారి వేయించి, కొక్కెంతో కలిపి 510 గ్రాములయ్యేలా వాషర్లు వేసుకోండి. సిలిండర్‌లో గాలి ఉండాలి, పెల్లెట్ ఉండకూడదు. ఊచ ట్రిగ్గర్ మధ్యలో ఆనాలి. కొసకి జారితే తక్కువ బరువుకే పేలుతుంది. మెల్లగా మూడుసార్లు లేపండి. కచ్చితంగా 500 దగ్గర పెట్టుకుని మురిసిపోయేవాళ్లే తనిఖీ బల్ల దగ్గర స్క్రూడ్రైవర్ కోసం పరుగెత్తుతారు. ట్రిగ్గర్ నొక్కు రెండు దశల్లో సాగుతుంది: ముందు ఆనే భారం, తర్వాత తెంచే భారం. మొత్తం బరువులో మొదటి దశకి ఎక్కువ వాటా, రెండో దశకి తక్కువ వాటా ఇవ్వండి. సగానికి పైగా భారం ముందే చేతికి ఎక్కేసి, చివరి తెంపు తేలికవుతుంది.

గ్రిప్ దగ్గర అందరూ చేసే పొరపాటు, వదులుగా ఉన్నా పెద్ద సైజే ఉంచేసుకుని, అరచేతి కింద ఆనే పలకని పైకి బిగించడం. పలక పట్టి ఉంచుతుంది గానీ గురిని మణికట్టు నుంచి పక్కకి లాగుతుంది. కళ్లు మూసుకుని చెయ్యెత్తి తెరిచి చూడండి. ముందుసైటు ఎప్పుడూ ఒకే పక్కకి తేలుతుంటే గ్రిప్‌కి పుట్టీ కావాలి. వుడ్ పుట్టీ రెండు మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొర ఒక రోజు ఆరాక 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది మళ్లీ చూసుకోవాలి. నున్నగా చెయ్యొద్దు, ఉక్కపోతలో జారుతుంది. పుట్టీ మోజులో పడి తనిఖీలో పిస్టల్ మొత్తం పట్టాల్సిన 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టె కొలత మరిచిపోతే అంతా చెక్కెయ్యాలి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుంటుంది. బిగింపు స్క్రూ నెలకోసారి చూడకపోతే గ్రిప్ వెంట్రుకవాసి ఆడుతుంది. మనం సైట్లని తిడుతూ క్లిక్కులు తిప్పుతూ ఉంటాం.

సైట్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ట్యూబులైటు మిణుకు లేని ఎల్‌ఈడీ వెలుగు, 1.40 మీటర్ల ఎత్తులో లక్ష్యం, 59.5 మిల్లీమీటర్ల నల్ల వృత్తం కింద కాస్త తెలుపు వదిలి గురి. పది వలయం 11.5 మిల్లీమీటర్లు.

పెల్లెట్లు ఏ కంపెనీవైనా తల చదునుగా ఉండే మ్యాచ్ రకమే కొని, ఒకే బ్యాచ్‌లో ఏడాదికి సరిపడా తీసుకోండి. సీసానికి తేమ తగిలితే బూజులా తెల్లగా పడుతుంది, ఆ పెల్లెట్లు చెదురుతాయి. మూత తీసిన డబ్బాని సిలికా జెల్ పొట్లంతో స్టీలు టిఫిన్ బాక్సులో పెడితే సమస్యే రాదు. 500 షాట్లకి రెండు ఫెల్ట్ పెల్లెట్లతో బారెల్ తుడిస్తే చాలు, ముందు నుంచి కడ్డీ దూర్చే పని వద్దు.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే పిస్టల్ కంటే ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చదవండి. దాని వాడకానికి గడువు ఉంటుంది. గడువు దాటిన సిలిండర్‌ని పోటీకి తీసుకెళ్లకూడదు. కొత్త సిలిండర్ ధర అమ్మేవాడి బేరంలోంచి తీసెయ్యండి.