థాయిలాండ్‌లోనే ఉండాలా, ఫిలిప్పీన్స్‌కు మారాలా? విశ్రాంత జీవితానికి ఏది మేలు?

"ఏటా ఈ వీసా పొడిగింపు తంటా ఎందుకు? ఫిలిప్పీన్స్‌కు వెళ్లిపోతే పోలేదా?" థాయిలాండ్‌లో స్థిరపడిన విదేశీ విశ్రాంత ఉద్యోగులు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న రాక మానదు. మా ఇంట్లోనూ చాలాకాలం ఇదే చర్చ. మేమిద్దరం ఈమధ్యే ఒక నిర్ణయానికి వచ్చాం. అడిగినవారందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. నాన్-ఓ వీసా (మాలాంటి విశ్రాంతులు ఏటా పొడిగించుకునే థాయ్ వీసా), టీఎం 30 (విదేశీయుడు ఎక్కడ ఉంటున్నాడో ఇమిగ్రేషన్‌కు తెలిపే పత్రం) వంటివి మీకు తెలుసుననే అనుకుంటున్నాను, తెలియకపోతే ఈ బెడద మీకింకా పట్టుకోలేదన్నమాట.

ముందు ఆ తంటా ఎంతో చూద్దాం. ఖాతాలో 8 లక్షల బాట్ దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచే ఉండాలి. పొడిగింపు వచ్చాక మూడు నెలలు దాన్ని ముట్టుకోకూడదు. ఆ తర్వాత కూడా 4 లక్షలకు తగ్గకూడదు. లేదంటే నెలకు 65,000 బాట్ ఆదాయం చూపాలి. రుసుము 1,900. తొంభై రోజులకోసారి ఎక్కడ ఉంటున్నామో తెలపాలి, మరిచిపోతే 2,000 జరిమానా. కాగితం మీద చదివితే గుండె గుభేలుమంటుంది కానీ, చిరునామా తెలపడం ఇప్పుడు చాలామందికి ఇంట్లో కూర్చునే అయిపోతోంది. ఇక మిగిలేది ఏడాదికి ఒక పొద్దు. ఆ ఒక్క పొద్దు కోసం ఇల్లు ఖాళీ చేసి, అలవాటైన వైద్యుణ్ని వదులుకుని, సముద్రం దాటి కొత్త దేశంలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం నాకు గిట్టుబాటు బేరంగా కనిపించదు. అరవై అయిదేళ్ల వయసులో, కాలూ చెయ్యీ ఆడుతున్నప్పుడు వీసా పనిని విసుగు అంటారు తప్ప కష్టం అనరు.

కష్టం ఎక్కడ మొదలవుతుందో పోయినసారి పొడిగింపుకు వెళ్లిన రోజు బ్యాంకులో చూశాను. తలుపులు తీయగానే వంద బాట్ జమ చేసి, పాసుపుస్తకంలో ఆనాటి తేదీ పడేలా అచ్చు వేయించుకుని, నిల్వ ధ్రువీకరణ లేఖ తీసుకోవడం ఆనవాయితీ. నాకు ముందు నిలబడ్డ పెద్దాయనకు ఎనభై దాటి ఉంటాయి. పక్షవాతం తర్వాత ఆయన చేయి వణుకుతోంది. ఎన్నిసార్లు సంతకం పెట్టినా పాతదానితో కలవడం లేదు. కౌంటర్‌లోని అమ్మాయి మర్యాదగానే మరో కాగితం ఇస్తోంది, ఆయన మళ్లీ పెడుతున్నాడు. ఆయన భార్య పక్కనే నిలబడి చేతిసంచీలో నకళ్లు సర్దుతోంది. ఆ ఖాతాలో ఆవిడ పేరు లేదు. చివరికి మేనేజరు వచ్చి వేలిముద్రకు ఏర్పాటు చేసేసరికి మధ్యాహ్నమైంది.

రెండు దేశాలను తూచేటప్పుడు నేను ముందు చూసేది ఇదే. డిపాజిట్ ఎంత, రుసుము ఎంత, ఎన్ని కాగితాలు అన్న లెక్కలు తర్వాత. మంచాన పడ్డ రోజున ఈ పని ఎవరు చేస్తారు? ఇద్దరిలో ఒకరు కన్నుమూస్తే మిగిలినవారు ఆ దేశంలో ఏ హోదాతో ఉంటారు? వీసా గురించి గంటలకొద్దీ మాట్లాడే మగవాళ్లలో ఈ రెండో ప్రశ్న వేసుకున్నవారు అరుదు. ఆడవాళ్లు వేసుకుంటారు, పైకి అడగరు, అంతే.

ఈ కోణంలో చూస్తే థాయ్ పద్ధతికి పెద్ద లోపమే ఉంది. ఎక్కువమంది దంపతులు భర్త పేరున 8 లక్షలు పెట్టి, భార్యను ఆధారితురాలిగా చూపించి పొడిగింపు తీసుకుంటారు. 8 లక్షలతో ఇద్దరి పని అయిపోతుంది కనుక అది తెలివైన పనిగానే కనిపిస్తుంది. కానీ ఆయన పోతే ఆవిడ పొడిగింపుకు ఆధారమే ఉండదు. పైగా ఖాతాదారు మరణించాడని తెలియగానే బ్యాంకు ఖాతాను స్తంభింపజేస్తుంది. కోర్టు ఆస్తి నిర్వాహకుణ్ని నియమించే దాకా ఆ డబ్బు బయటికి రాదు. అంటే దుఃఖంలో ఉన్న మనిషి అదే సమయంలో అంత్యక్రియలు, కోర్టు, ఇమిగ్రేషన్ మూడింటినీ ఒంటరిగా, చేతిలో డబ్బు లేకుండా ఎదుర్కోవాలి. దీనికి విరుగుడు లేకపోలేదు. ఇద్దరికీ యాభై దాటి ఉంటే చెరో ఖాతా, చెరో 8 లక్షలు, చెరో సొంత పొడిగింపు. దాంతోపాటు థాయ్ చట్టం ప్రకారం రాయించిన వీలునామా. మొత్తం 16 లక్షలు ఇరుక్కుపోతాయి, నిజమే. అంత సొమ్ము లేనివారు కనీసం ఆరేడు నెలల ఖర్చయినా భార్య పేరున విడిగా ఉంచాలి.

ఇక్కడే మరో మాట. విదేశంలోని థాయ్ రాయబార కార్యాలయంలో తీసుకునే ఓ-ఏ వీసాకు ఆరోగ్య బీమా తప్పనిసరి, పొడిగింపులకూ అది వెంటాడుతుంది. నాన్-ఓ మీద విశ్రాంత పొడిగింపు తీసుకునేవారికి ఆ షరతు లేదు. డెబ్బై దాటాక కొత్త బీమా దొరకడం ఎంత గగనమో తెలిసినవారికి ఈ ఒక్క అక్షరం తేడా విలువ తెలుస్తుంది. బీమా అవసరం లేదని కాదు, దొరికినంతకాలం ఉంచుకోవాలి. కానీ దేశంలో ఉండే హక్కునే దానికి ముడిపెట్టుకోవడం ప్రమాదం. ఇక ఖాతాలో డబ్బు లేకుండానే ముద్ర వేయిస్తామనే ఏజెంట్ల సంగతి: అప్పు తెచ్చి రెండు రోజులు చూపించిన సొమ్ము మీద నిలబడ్డ పొడిగింపును ఏ రోజు ఎవరు తవ్వినా కూలుతుంది. అలాంటి దారి పట్టేకన్నా మరో దేశం వెళ్లడమే గౌరవం.

ఫిలిప్పీన్స్ విశ్రాంతులకు ఇచ్చే ప్రత్యేక నివాస వీసాకు, అంటే ఎస్ఆర్ఆర్‌వీకి, న్యాయం చేయాలి. ఒట్టి వీసాగా చూస్తే అదే మెరుగైనది. ఒకసారి వస్తే నిరవధికంగా ఉండొచ్చు, ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు, దేశం దాటే ముందు తిరిగి రావడానికి తీసుకోవాల్సిన రీఎంట్రీ పర్మిట్ గొడవ లేదు. ఏటా 360 డాలర్ల రుసుము, అందులోనే ఇద్దరు ఆధారితులు కూడా వస్తారు. 2025 సెప్టెంబరులో నిబంధనలు మార్చాక యాభై దాటి పింఛను ఉన్నవారు 15,000 డాలర్లు, పింఛను లేనివారు 30,000 డాలర్లు డిపాజిట్ చేయాలి. వీసా రద్దు చేసుకుంటే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. ప్రధాన వీసాదారు చనిపోతే భార్య ఆధారిత హోదా నుంచి ప్రధాన హోదాకు మారే వీలుంది. నేను పైన వేసిన రెండో ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పే దేశం ఈ చుట్టుపక్కల నాకు కనబడలేదు. ఏటా బ్యాంకులో సంతకం పరీక్ష కూడా లేదు.

మరి ఎందుకు వెళ్లలేదంటే, మొదటి ప్రశ్న వల్ల. మంచాన పడ్డ రోజున వీసా ఒక్కటీ ఉంటే చాలదు, వైద్యం దగ్గరలో ఉండాలి. మనీలా, సెబూ నగరాల్లో ఆసుపత్రులు బాగుంటాయి. అయితే విశ్రాంత జీవితం అనగానే అందరూ ఊహించుకునేది చిన్న దీవి, సముద్రపు ఒడ్డు. అక్కడి నుంచి గుండె వైద్యుడి దగ్గరికి పోవాలంటే పడవో విమానమో ఎక్కాలి. తుపాను రోజుల్లో రెండూ నడవవు. థాయిలాండ్‌లో జిల్లా కేంద్రం నుంచి కూడా రోడ్డు మీద రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి చేరుకోవచ్చు. మాకు ఈ తేడాయే తేల్చేసింది. మనీలాలోనే ఉంటామనేవారికి నా వాదన వర్తించదు, కానీ ఆ వాహనాల రద్దీలో ఉండడానికి ఇక్కడి ప్రశాంతత వదులుకునేవారెవరో నాకు తెలియదు.

కొందరి విషయంలో తూకం అటే మొగ్గుతుంది. బ్రిటన్ ప్రభుత్వ పింఛను మీద బతికేవారు థాయిలాండ్‌లో ఉంటే అది ఇక్కడికి వచ్చిననాటి అంకె దగ్గరే ఆగిపోతుంది. ఫిలిప్పీన్స్‌తో ఒప్పందం ఉన్నందున అక్కడ ఏటా పెరుగుతుంది. ఇరవై ఏళ్లలో ఇది చిన్న తేడా కాదు. అమెరికా సైన్యంలో పనిచేసినవారికి మనీలాలో వారి మాజీ సైనికుల శాఖ నడిపే క్లినిక్ ఉంది, పరాయి దేశంలో అలాంటిది అదొక్కటే. ఈ రెండు వర్గాలవారు నా మాట పక్కనపెట్టి అటే చూడాలి. అరవైలోపు ఉండి, ఇంకా ఎక్కడా వేళ్లూనుకోనివారు కూడా.

పన్ను గురించి భయపడి దేశం మారుతున్నవారు ఎక్కువయ్యారు. 2024 జనవరి 1 నుంచి, ఏడాదిలో 180 రోజులు థాయిలాండ్‌లో ఉన్నవారు బయటి ఆదాయాన్ని లోపలికి తెస్తే అది పన్ను లెక్కలోకి వస్తుంది. ఆ తేదీకి ముందు కూడబెట్టిన సొమ్ముకు ఇది వర్తించదు. ద్వంద్వ పన్ను ఒప్పందాలు, వయసు మీద వచ్చే మినహాయింపులు పోగా సామాన్య పింఛనుదారుకు మిగిలే భారం సాధారణంగా తక్కువే. ఫిలిప్పీన్స్ మాత్రం అక్కడ నివసించే విదేశీయుల బయటి ఆదాయం జోలికి రాదు. పెద్ద ఆదాయం ఉన్నవారికి ఇది ముఖ్యమే, కానీ అలాంటివారికి థాయిలాండ్‌లోనే పదేళ్ల ఎల్‌టీఆర్ (దీర్ఘకాలిక నివాస) వీసా ఉంది. ఏటా 80,000 డాలర్ల ఆదాయం చూపగలిగితే బయటి ఆదాయంపై పన్నూ లేదు, తొంభై రోజుల నివేదికా లేదు. నా బోటివాళ్లకు అది అందని ద్రాక్ష.

మలేసియా పేరు ఇప్పటికీ చాలామంది పాత అభిమానంతో తలుస్తారు. వైద్యం బాగుంటుంది, ఇంగ్లిష్ చెల్లుతుంది, రోడ్లు హాయి. కానీ విదేశీయులకు దీర్ఘకాలిక వీసా ఇచ్చే వాళ్ల 'మై సెకండ్ హోమ్' పథకం 2020లో ఆగింది, 2021లో నెలకు 40,000 రింగిట్ల ఆదాయం కావాలంటూ మళ్లీ తెరుచుకుంది, 2024లో మరో రూపం ఎత్తింది. ఇప్పుడు మూడు ప్రధాన మెట్లలో కిందిదైన సిల్వర్‌కే 1,50,000 డాలర్ల డిపాజిట్, దానిపైన 6 లక్షల రింగిట్ల ఇల్లు కొని తీరాలి. ఆ ఇంటిని పదేళ్లు అమ్మకూడదు. డెబ్బై ఏళ్ల మనిషిని పదేళ్లు అమ్మవద్దనే ఇంటిలో కట్టిపడేయడం ఏం పథకమో! థాయ్ నిబంధనలు చిరాకు పెడతాయి, నిజమే, కానీ 8 లక్షల అంకె మాత్రం ఎన్నో ఏళ్లుగా కదల్లేదు. కదలని నిబంధనకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

కంబోడియాలో యాభై అయిదు దాటినవారికి డిపాజిట్ లేకుండానే ఏడాది పొడిగింపు దొరుకుతుంది. అందరికన్నా సులువు. జబ్బు చేస్తే మాత్రం బ్యాంకాక్‌కే రావాలి. వియత్నాంలో విశ్రాంత వీసాయే లేదు, తొంభై రోజుల ఈ-వీసాతో నెట్టుకురావడం కుర్రవాళ్ల పని. ఇండోనేసియా కూడా వయసు మళ్లినవారికి విశ్రాంత వీసా ఇస్తుంది, బాలి అంటే ప్రాణమిచ్చేవారు చూడొచ్చు.

మేమైతే ఉండిపోయాం. మా ఆవిడ పేరున విడిగా ఖాతా తెరిచి, ఆవిడ పొడిగింపును నా నుంచి విడదీయించి, ఇద్దరం వీలునామాలు రాయించాం. దానికి పట్టిన శ్రమ ఇల్లు మారే శ్రమలో పదో వంతు కూడా కాదు. అయినా మనసు అటే లాగుతున్నవారు సామాన్లు అమ్మేయకముందు వానాకాలంలో మూడు నెలలు ఫిలిప్పీన్స్‌లో అద్దెకుండి చూడండి. వేసవి ఎండలో ప్రతి దీవీ స్వర్గమే. బయల్దేరే ముందు మాత్రం 1,000 బాట్ కట్టి రీఎంట్రీ పర్మిట్ తీసుకోండి, రెండు మూడు సార్లు రాకపోకలు ఉంటాయనుకుంటే 3,800 కట్టి మల్టిపుల్ తీసుకోండి. అది లేకుండా విమానం ఎక్కితే పొడిగింపు అక్కడితో రద్దవుతుంది. తిరిగొచ్చాక 8 లక్షలతో, రెండు నెలల నిరీక్షణతో మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిందే.