కోరింగ మడ అడవి: నడకకు పాటు, బోటుకు పోటు

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవికి వెళ్లొచ్చి "నీళ్లూ చెట్లూ తప్ప ఏముంది అక్కడ" అనేవాళ్లు చాలామంది. "అంత దూరం పోతే బోటు వెయ్యలేదు" అనేవాళ్లు ఇంకొందరు. రెండింటికీ కారణం ఒకటే. ఆదివారం ఖాళీ దొరికింది కదా అని బయల్దేరతారు గానీ, ఆరోజు సముద్రం పోటెప్పుడో (నీరు ఎక్కేది), పాటెప్పుడో (నీరు దిగేది) చూసుకోరు. అడవిలో వేసిన చెక్క వంతెన మీద నడక నీరు దిగినప్పుడు చెయ్యాలి. బోటుకి కాలువలో నీరు నిండాలి. ఈ రెండూ ఒకే పగట్లో కుదిరేలా చూసుకుని వెళ్తే, గోదావరి డెల్టాలో ఒక్కరోజు ప్రయాణానికి ఇంతకన్నా మంచి చోటు లేదని నా గట్టి అభిప్రాయం.

పంచాంగం ఉన్న ఇంట్లో ఈ లెక్క సులువే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కాకినాడ తీరంలో పోటు పొద్దున్న ఎనిమిది, పది గంటల మధ్య నిండుతుంది. అక్కణ్ణుంచి ఆరు గంటలకు అటూఇటూగా నీరు పూర్తిగా దిగుతుంది. మర్నాటికి ఈ టైములన్నీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. సప్తమి, అష్టమి వచ్చేసరికి లెక్క తిరగబడి, పొద్దున్న పాటు, మధ్యాహ్నం పోటు ఉంటాయి. ఇవి సముద్రం ఒడ్డున టైములు. కాలువల్లోపలికి నీరు రావడానికీ పోవడానికీ ఇంకాస్త పడుతుంది. కచ్చితమైన టైము కావాలంటే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ (INCOIS) వాళ్ల పోటు అంచనాలు చూసుకోండి.

నా సలహా అయితే పౌర్ణమి లేదా అమావాస్య నుంచి విదియ దాకా ఏదో ఒక రోజు పెట్టుకోండి. పొద్దున్నే బోటెక్కి, దిగాక టిఫినో భోజనమో కానిచ్చి, ఒంటిగంట దాటాక వంతెన మీదికి వెళ్లండి. బురద ఎక్కువగా బయటపడేది ఆ రోజుల్లోనే. అష్టమికి వెళ్తే ఎండ ముదరకముందే నడక అయిపోతుంది నిజమే, కానీ నీటి తేడా పౌర్ణమినాటి దాంట్లో సగం కూడా ఉండదు, చూడ్డానికి బురద తక్కువ. పుష్యమాసంలో వచ్చే చొల్లంగి అమావాస్య ఒక్కటీ వదిలెయ్యండి. సముద్రస్నానాలకు వచ్చే జనంతో ఆ రోడ్డంతా నిండిపోతుంది.

ఇంగ్లాండు పడమటి తీరంలో మోర్‌కంబ్ ఖాతం దగ్గర పోటుకీ పాటుకీ తేడా 10 మీటర్ల దాకా వస్తుంది. దారి తెలిసిన మనిషి ముందు నడవందే అక్కడ ఇసుక దాటడం ప్రమాదం. మనకి అమావాస్యనాడైనా మీటరు పైచిలుకే. అయితే మన నేల బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఆ మీటరు నీరే బోలెడు మేర పరుచుకుంటుంది, దిగితే అంత మేరా బురదే. బోటు ఆగిపోయేది కూడా ఇందుకే. చిన్న కాలువల్లో నీరు తీశాక బోటు ఇంజను ఫ్యాను బురదకి తగులుతుంది. అప్పుడు బోటువాళ్లతో వాదించి లాభం లేదండి.

ఇక నడక. వంతెన మీద గబగబా పోతే పదిహేను నిమిషాల్లో అయిపోయినట్టుంటుంది. ఒకచోట నిలబడి అయిదు నిమిషాలు కదలకుండా ఉండాలి. అడుగుల చప్పుడికి కన్నాల్లోకి దూరిన పీతలు అప్పుడే ఒక్కొక్కటీ పైకొస్తాయి. మగ పీతకి ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దది, దాన్ని ఊపుతూ ఉంటుంది. రెండోది బురద ఎత్తి నోట్లో పెట్టుకోవడానికి. పక్కనే రెక్కల మీద పాకుతూ, గెంతుతూ ఉండేవి చేపలే. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు అవి నీళ్ల బయటే గడిపేస్తాయి. నిండు పోటులో వెళ్తే ఇవేవీ కనపడవు.

మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా నిక్కిన వేళ్లు దాని ఊపిరి. ఆ బురదలో గాలి ఉండదు, చెట్టు పైనుంచే పీల్చుకోవాలి. కుళ్లిన గుడ్డు వాసన వేస్తే మురుగనుకోకండి, గాలి ఆడని బురదకి అది సహజం. మడ ఆకు తిరగేసి ఎండలో చూడండి, ఉప్పు పలుకులు మెరుస్తాయి. ఉప్పు పొన్న కొమ్మకి వేలాడే పొడుగాటి పచ్చకాడలు కాయలు కావు, చెట్టు మీదే మొలిచిన మొక్కలు. తిల్ల చెట్టు ఆకు మాత్రం తుంపొద్దు. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, పిల్లలకి ముందే చెప్పాలి.

కొన్నిచోట్ల చేపముల్లు ఆకారంలో తవ్విన కాలువలు ఉన్నాయి. చెట్లు పోయిన చోట నేల పళ్లెంలా గుంటపడుతుంది. పోటునీరు అందులో నిలిచి ఆవిరై, ఉప్పు పేరుకుని కొత్త మొక్కని బతకనివ్వదు. పెద్ద కాలువకి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తీస్తే రోజుకి రెండుసార్లు నీరు వచ్చిపోతూ ఆ ఉప్పుని కడిగేస్తుంది. అటవీశాఖ, ఎమ్మెస్ స్వామినాథన్ ఫౌండేషన్ కలిసి గోదావరి మడల్లో చేసిన ఈ పని చూడదగ్గది.

బోటు విషయంలో నాకు అంత ఉత్సాహం లేదు. ఇంజను మోతకి పిట్టలు ముందే లేచిపోతాయి. మలుపు దగ్గర కాసేపు ఇంజను ఆపమని ఎక్కేముందే అడగండి, అప్పుడే నీరుకుక్కలు కనిపించే వీలుంటుంది. చేపలు పట్టే అడవిపిల్లి బావురుపిల్లి మీద ఆశ పెట్టుకోవద్దు, అది రాత్రి తిరిగే జంతువు. లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టుకోండి, ఫొటో కోసం అందరూ ఒకే వైపు లేవొద్దు.

కాళ్లకి వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండిల్స్ మేలు. తడిసిన చెక్క మీద హవాయి చెప్పు జారుతుంది. వంతెన దిగి బురదలో కాలు పెట్టడం వద్దే వద్దు, కాలు దిగబడుతుంది, వేళ్లు గుచ్చుకుంటాయి, పైగా రేపటి మొక్కలు తొక్కేస్తాం. దోమలకి నిండు చేతుల చొక్కా, మనిషికో లీటరు నీళ్లు తప్పనిసరి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. కార్తీక ఆదివారాలు వనభోజనాల సందడి, పిట్టల కోసం వెళ్లేవాళ్లకి పనికిరావు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురు వింటే ఇంట్లోనే ఉండండి. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన కోరింగ రేవు 1839 నవంబరు ఉప్పెనకే నాశనమైంది.

కాకినాడ నుంచి యానాం రోడ్డులో 20 కిలోమీటర్ల లోపే కాబట్టి బస్సు చాలు. హోప్ ఐలాండ్‌ని ఇదే రోజులో ఇరికించకండి. దానికి కాకినాడ నుంచి వేరే బోటు, వేరే అనుమతులు ఉంటాయి, పైగా జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం.