పోయినవాణ్ణి కని పెంచిన కథ: ‘వూమ్’ చిత్ర సమీక్ష

హంగేరీ దర్శకుడు బెనెడెక్ ఫ్లీగాఫ్ 2010లో ఇంగ్లీషులో తీసిన ‘వూమ్’ (గర్భం) మానవ క్లోనింగ్ చుట్టూ, అంటే ఒక మనిషి కణం నుంచి అవే జన్యువులున్న మరో మనిషిని పుట్టించడం చుట్టూ అల్లిన కథ. అయినా అందులో మెరిసే ప్రయోగశాలలూ, రేపటి నగరాలూ ఉంటాయనుకుంటే నిరాశే ఎదురవుతుంది. జర్మనీ ఉత్తర సముద్ర తీరంలో తక్కువ ఖర్చుతో తీసిన ఈ చిత్రంలో మనకు కనిపించేవి ఆటుపోట్లకు తడిసి ఆరే ఇసుక, ఎడతెగని గాలి, గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు, అందులో ఒక తల్లీ కొడుకూ. హంగులకు డబ్బు లేకపోవడం ఈ కథకు మేలే చేసిందని నా నమ్మకం. క్లోనింగ్ ఎలా జరుగుతుందన్న ప్రశ్నను దర్శకుడు తొందరగా దాటేసి, అది జరిగిన ఇంట్లో మనుషులు ఎలా బతుకుతారన్న దాని మీదే దృష్టి నిలిపాడు.

రెబెకా, థామస్ చిన్ననాటి స్నేహితులు. తల్లితో జపాన్ వెళ్ళిపోయిన రెబెకా పెద్దయ్యాక తిరిగి వచ్చి అతణ్ణి కలుసుకుంటుంది. కొద్దిరోజులకే థామస్ రోడ్డు ప్రమాదంలో చనిపోతాడు. అతని కణాలతో తయారైన పిండాన్ని ఆమె తన గర్భంలో మోసి, కని, టామీ అని పిలుచుకుంటూ పెంచుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. థామస్ బయోటెక్ కంపెనీలను ఎదిరించే ఉద్యమకారుడు; క్లోన్ చేసిన జంతువుల పార్కు ప్రారంభోత్సవాన్ని అడ్డుకోవడానికి బయలుదేరి, దారిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. అటువంటివాణ్ణి ఆ పద్ధతిలోనే తిరిగి పుట్టించాలనుకున్నప్పుడు అతని ఇష్టాన్ని ఎవరు లెక్కలోకి తీసుకోవాలి? థామస్ తల్లి జుడిత్ వద్దంటుంది, తండ్రి ఒప్పుకుంటాడు. పుట్టబోయే బిడ్డ తరఫున మాట్లాడేవారు ఎవరూ లేరు. దుఃఖం ఎంత నిజమైనదైనా, అది మరొకరి జీవితం మీద హక్కు ఇవ్వదన్న సంగతిని ఈ సినిమా ఏ పాత్ర చేతా చెప్పించకుండానే మన మనసుకు పట్టిస్తుంది.

విజ్ఞానశాస్త్రం కూడా ఇదే దిక్కు చూపుతుంది. 2001లో టెక్సస్‌లో పుట్టిన మొదటి క్లోన్ పిల్లి సీసీకి జన్యువులు కణాలిచ్చిన పిల్లివే అయినా ఒంటి రంగులు వేరుగా వచ్చాయి. అంటే ఈ పద్ధతిలో పుట్టే ప్రాణి పోయిన ప్రాణి కాదు. ఎంత దగ్గరగా చూసినా, ఆలస్యంగా పుట్టిన కవల మాత్రమే. థామస్‌గానూ, పెద్దవాడైన టామీగానూ నటించిన మాట్ స్మిత్ ఈ తేడాను ఒంటి కదలికల్లోనే చూపించాడు. థామస్‌లో నిలకడలేని హుషారు ఉంటే, టామీలో తనకు తెలియని దేనికో జవాబుదారీగా పెరిగిన కుర్రవాడి చిరాకు ఉంది.

నాకు బాగా గుర్తుండిపోయిన సన్నివేశం జుడిత్ ఆ ఇంటికి రావడం. చనిపోయిన కొడుకు ముఖం ఎదురుగా నిలబడి ఉంటే ఆమె నోట మాట రాదు, టామీ కూడా ఆమె నుంచి చూపు తిప్పుకోలేడు. జుడిత్‌గా నటించిన లెస్లీ మాన్విల్ ఆ కొద్ది క్షణాల్లో చూపిన తల్లి దుఃఖం ముందు, రెబెకా ఏళ్ళ తరబడి మోసిన దుఃఖం స్వార్థంగా కనిపించడం మొదలవుతుంది. పెద్దవాడైన టామీ తన స్నేహితురాలు మోనికాను ఇంటికి తెచ్చాక, రెబెకాగా నటించిన ఎవా గ్రీన్ చూపుల్లో తల్లీ ప్రియురాలూ పెనుగులాడే తీరు చూడటానికి ఇబ్బందిగానే ఉంటుంది, కానీ ఆ ఇబ్బందిని తప్పించి ఈ కథను నిజాయితీగా చెప్పడం సాధ్యం కాదు.

లోపాలు లేవని అనను. కొడుకు ఇరవై ఏళ్ళవాడైనా తల్లి ముఖంలో వయసు కనిపించకపోవడం నమ్మకాన్ని సడలిస్తుంది. క్లోన్ పిల్లలతో తమ పిల్లల్ని ఆడుకోనివ్వని తల్లుల వెలివేత సినిమాలో అత్యంత పదునైన భాగం. అది ఇంకాస్త సాగవలసింది. రెబెకా ఊరికి దూరంగా ఇల్లు మారడంతో ఆ పోగు తెగిపోయింది. మాటలు తక్కువ, నిడివి గల షాట్లు ఎక్కువ కనుక మొదటి అరగంట ఓపిక పట్టాలి.

తల్లీకొడుకుల మధ్య హద్దు చెరిగిపోయే కథ కాబట్టి పిల్లలతో కలిసి చూడదగింది కాదు. ముగింపు గురించి ఎక్కడా చదవకుండా, ఒక్కరే కూర్చుని చూడమని మాత్రం మనస్ఫూర్తిగా చెబుతాను.