మోకాలి గుజ్జులో గుంట పడితే ఏది మేలు: చిల్లులు పెట్టడమా, ముక్క అతికించడమా, కణాలు పెంచి పెట్టడమా?

ముందే చెప్తున్నా, అరవై దాటి మోకాళ్ళు మొత్తం అరిగిపోయిన వాళ్ళకి ఈ మూడూ పనికిరావు, వాళ్ళ దారి వేరు. కబడ్డీలోనో బైక్ యాక్సిడెంట్‌లోనో దెబ్బ తగిలి, గుజ్జు (ఎముక చివర్లకి ఉండే నున్నటి పొర, కార్టిలేజ్) ఒకే చోట లేచిపోయి గుంట పడిందని ఎమ్మారైలో తేలిన వయసులో ఉన్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

ఆ గుంట దానంతటదే పూడదు. గుజ్జుకి రక్తనాళాలు లేవు, నరాలు లేవు, ఉన్న కాసిని కణాలూ తమ చుట్టూ ఉన్న గట్టి పదార్థంలో ఇరుక్కుని కదల్లేవు. దెబ్బతిన్న గుజ్జు మళ్ళీ రాదని లండన్‌లో విలియం హంటర్ 1743లోనే రాశాడు.

అన్నిటికంటే సులువైంది మైక్రోఫ్రాక్చర్. కీహోల్‌లోంచి, అంటే చిన్న గాటు గుండా కెమెరాతో వెళ్ళి గుంట అడుగున ఎముకకి 3, 4 మిల్లీమీటర్ల ఎడంలో చిన్న చిన్న చిల్లులు పెడతారు, లోపలి మూలుగ నుంచి రక్తం, మూలకణాలు ఊరి గడ్డకట్టి గుంట నిండుతుంది. ఒకటే ఆపరేషన్, ఖర్చు తక్కువ. కానీ అక్కడ పెరిగేది అసలు గుజ్జు కాదు, మచ్చలాంటి నారగుజ్జు. మొదటి రెండేళ్ళు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత చాలామందికి, ముఖ్యంగా గుంట పెద్దదైతే, మళ్ళీ నొప్పి మొదలవుతుంది.

మొజాయిక్‌ప్లాస్టీ అంటే అదే మోకాల్లో బరువు పెద్దగా పడని అంచు నుంచి ఎముకతో సహా గుజ్జు ముక్కలు తీసి గుంటలో దిగ్గొట్టడం. అసలైన గుజ్జే వస్తుంది, అది గొప్ప. అయితే తీయడానికి ఎంతని ఉంటుంది? చిన్న గుంటకి ఓకే.

మూడోది సొంత కణాలు పెంచి పెట్టడం, స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ వాళ్ళు మొదలుపెట్టారు, 1994లో 23 మంది పేషెంట్ల మీద ఫలితాలు ప్రచురించారు. ముందు కీహోల్‌తో 200, 300 మిల్లీగ్రాముల గుజ్జు తీసి ల్యాబ్‌కి పంపుతారు, కొన్ని వారాలు పెంచుతారు, తర్వాత రెండో ఆపరేషన్‌లో పెడతారు. రీసెర్చ్ అంతా తలకిందులైంది ఇక్కడే, ఎందుకంటే గుజ్జు కణాన్ని ప్లాస్టిక్ ప్లేటు మీద పెంచితే అది చదునుగా పరుచుకుని తన పనే మర్చిపోతుంది, గుజ్జుకి కావాల్సిన రెండో రకం కొల్లాజెన్ మానేసి మచ్చల్లో ఉండే ఒకటో రకం తయారుచేస్తుంది. అదే కణాన్ని మెత్తటి జెల్‌లో వేస్తే మళ్ళీ గుండ్రంగా అయ్యి పాత పనిలో పడుతుందని 1982లో చూపించారు. అందుకే ఇప్పుడు కణాలకి ఒక ఆధారం ఇస్తున్నారు. అమెరికాలో 2016లో అనుమతి వచ్చిన మేసీ అనే పద్ధతిలో పంది కొల్లాజెన్ పొర మీద కణాలు వేసి, ఆ పొరని గుంట సైజుకి కత్తిరించి జిగురుతో అంటిస్తారు. మన దేశంలో ఇలాంటి సొంత గుజ్జు కణాల చికిత్స కార్టిగ్రోకి 2017లో మందుల్ని ఆమోదించే కేంద్ర సంస్థ డీసీజీఐ అనుమతి వచ్చింది.

మరి ఏది గెలిచింది? నార్వేలో 80 మందిని మైక్రోఫ్రాక్చర్‌కీ పాత పద్ధతి కణాలకీ సగం సగం పంచి 15 ఏళ్ళు చూశారు, పెద్ద తేడా రాలేదు, ఇది దాచకూడని విషయం. కానీ 3 చదరపు సెంటీమీటర్లు అంతకు మించిన గుంటలున్న 144 మందిలో మేసీ రెండేళ్ళకి నొప్పిలోనూ మోకాలి పనితీరులోనూ మైక్రోఫ్రాక్చర్ కంటే బాగుంది. లండన్‌లో 100 మందిలో, సగటున నాలుగు చదరపు సెంటీమీటర్ల పైన గుంటలకి, పదేళ్ళ తర్వాత కణాల వాళ్ళలో 17 శాతం ఫెయిలైతే మొజాయిక్‌ప్లాస్టీలో 55 శాతం.

కాబట్టి నా లెక్క గుంట సైజు మీదే. 22 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మన రూపాయి బిళ్ళ వైశాల్యం సుమారు 3.8 చదరపు సెంటీమీటర్లు, అందులో సగం కంటే చిన్న గుంటకి మైక్రోఫ్రాక్చరో మొజాయికో చాలు, లక్షలు పెట్టక్కర్లేదు. బిళ్ళంత ఉంటే మాత్రం సొంత కణాలే, నాకు డౌట్ లేదు. మధ్యలో ఉంటే వయసు, ఆట, జేబు చూసుకోవాలి.

ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా అనే మాట ఒకటుంది, "ముందు చవకది చేయించి చూద్దాం, కుదరకపోతే పెద్దది చేయిద్దాం" అని. దయచేసి పెద్ద గుంటకి అలా చేయకండి. చిల్లులు పెట్టిన ఎముక గట్టిపడి పైకి ఉబ్బుతుంది, తర్వాత పెట్టే కణాలకి ఆ నేల సరిపడదు. 2009లో అమెరికాలో 321 మోకాళ్ళ మీద చూస్తే, ముందు అలా చేయించుకున్న వాళ్ళలో కణాల ఆపరేషన్ 26 శాతం ఫెయిలైంది, చేయించుకోని వాళ్ళలో 8 శాతమే. అంటే మొదటి నిర్ణయమే రెండో దాన్ని పాడుచేస్తోంది.

ఇంకోటి, ఏసీఎల్ (మోకాలిని బిగించి పట్టుకునే లిగమెంట్) తెగి ఉన్నా, కాలు వంకర ఉన్నా అది సరిచేయకుండా ఈ మూడింట్లో ఏది చేసినా డబ్బు నీళ్ళపాలే, సర్జన్‌ని ముందు అదే అడగండి, గుంట ఎన్ని చదరపు సెంటీమీటర్లో కాగితం మీద రాయించుకోండి.