తలకోనలో ఒక రాత్రి ఉండి చూస్తే

తలకోనకు ఇదివరకు నాలుగుసార్లు పోయాను. ఒకసారి తప్ప ప్రతిసారీ ఒకటే కథ. ఆదివారం పొద్దున తిరుపతిలో బయలుదేరడం, జనంలో తోసుకుంటూ జలపాతం కింద తడవడం, తెచ్చుకున్న పులిహోరలో సగం కోతులకు సమర్పించుకుని చీకటి పడకముందే ఇల్లు చేరడం. ఎవరైనా అడిగితే "బాగుంటుంది, పోయి రండి" అనేవాణ్ణి. నేను చూసింది అడవిని కాదు, జలపాతం దగ్గరి జాతరను అని ఈ డిసెంబరులో తెలిసింది. మా మేనత్తను తీసుకుని బుధవారం పోయి, రాత్రి అక్కడే ఉండి, గురువారం సాయంత్రం వచ్చాం.

అత్తకు అరవై ఎనిమిదేళ్లు. పుట్టింది ఎర్రావారిపాలెం పక్క పల్లెలో. చిన్నప్పుడు శివరాత్రికి ఎద్దుల బండి కట్టుకుని సిద్ధేశ్వరస్వామి గుడికి పోయేవాళ్లట. పెళ్లయి పాకాల వైపు వచ్చాక మళ్లీ పోలేదు. "నన్నొకసారి ఆ కోనకు తీసకపోరా అబ్బోడా" అని రెండేళ్లుగా అంటోంది. మోకాళ్ల నొప్పులని నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

తిరుపతి నుంచి 60 కిలోమీటర్ల లోపే. చంద్రగిరి, రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కాలి. పీలేరు, మదనపల్లె పోయే బస్సులన్నీ ఇదే దారి, కాబట్టి భాకరాపేట దాకా బస్సులకు కొదవ లేదు. అక్కడి నుంచి నెరబైలు మీదుగా తలకోనకు ఆటో మాట్లాడుకోవచ్చు. అత్త కోసం మేము కారు పెట్టుకున్నాం, అదే పొరపాటయింది. రెండు రోజులకు ఇంత అని ఫోన్‌లో ఒప్పుకున్న ట్రావెల్స్ ఆయన బయలుదేరే ముందు డ్రైవర్ బత్తా వేరే అన్నాడు, ఘాట్ ఎక్కాక రాత్రి హాల్టింగ్ వేరే అని ఫోన్ చేశాడు. కొండ మధ్యలో బేరం ఎవరాడతారు? కారు పెట్టుకునేవాళ్లు అన్నీ కలిపి ఎంతో వాట్సాప్‌లో రాయించుకుని ఎక్కండి.

ఆ ఘాట్ మాత్రం పగటిపూటే దాటండి. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు రాత్రిపూట లోయలో పడింది ఇక్కడే. పగలు వెళితే అదే దారి కళ్లకు పండగ. వానలు బాగా పడిన ఏడు కావడంతో మలుపు మలుపుకూ పచ్చదనం రంగు మారుతోంది.

ఘాట్ దిగాక పల్లెటూళ్లు మొదలవుతాయి. చెనిక్కాయలు (వేరుశనగ) పెరికేసిన చేలు, దొడ్లలో చెనిక్కట్టె వాములు, రోడ్డుకు అటూ ఇటూ చింతచెట్లు, ఆ వెనక మామిడి తోపులు. అత్త అద్దం దించి ప్రతి చెరువు పేరూ, ప్రతి మలుపులో ఉండే చుట్టాల పేరూ చెబుతూనే ఉంది. సగం మంది ఇప్పుడు లేరు.

నెరబైలు దాటాక అటవీశాఖ చెక్‌పోస్టు. మనుషులకూ, బండికీ టికెట్ తీసుకుని, ప్లాస్టిక్ సీసాలు ఏమైనా ఉన్నాయా అని చూస్తారు. ఇది శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ పరిధి, 1989లో ఏర్పాటయింది. 2010లో శేషాచలం కొండలను బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించినప్పుడు ఇదంతా అందులోకి వచ్చింది. తిరుమల ఉన్నది కూడా ఇదే కొండల వరుసలో. ఆదిశేషుడి తల ఇక్కడుందని, అందుకే తలకోన అన్నారని పెద్దలు చెబుతారు.

ఇక బస. గతంలో ఒకసారి కోన బయట, దారిలో ఒక ప్రైవేటు రిసార్ట్‌లో దిగి బుద్ధి తెచ్చుకున్నాం. ఫోటోల్లో నీలంగా మెరిసిన స్విమ్మింగ్ పూల్‌లో ఆకులు తేలుతున్నాయి, గదిలో ఏసీ ఉంది గాని కరెంటు లేదు, రాత్రి పన్నెండు దాకా పక్క గదివాళ్ల డీజే. అడవికి పోయి డీజే వినడం కన్నా తిరుపతి బస్టాండులో పడుకోవడం మేలు. ఈసారి చెక్‌పోస్టు లోపల, గుడికి దగ్గరలో ఉన్న ప్రభుత్వ బసలో గది దొరికింది. అటవీశాఖవీ, టూరిజం వాళ్లవీ రెండు రకాల గదులున్నాయి. శని, ఆదివారాలకు చాలా ముందే బుక్ చేసుకోవాలి. వారం మధ్యలో అయితే సగం ఖాళీ. గదిలో హంగులేమీ లేవు. మంచం, దుప్పటి, ఫ్యాను, బకెట్. వేడినీళ్లు కావాలంటే అడిగి తెప్పించుకోవాలి. ఫోన్ సిగ్నల్ ఉండీ లేనట్టే. నాకది సౌకర్యంగానే అనిపించింది, మా ఆవిడకు మాత్రం గంటసేపు టెన్షన్.

తిండి విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. రాగానే చెప్పాలి. ఎంతమందికి, ఏం కావాలి అని ముందే చెబితేనే వండుతారు, సరుకులన్నీ భాకరాపేట నుంచి రావాలి మరి. మేము పదకొండుకు చెబితే రెండింటికి రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి (పచ్చడి) వచ్చాయి. సంగటి వేడివేడిగా గట్టిగా ఉంది. పులుసులో కారం కొంచెం ఎక్కువే, పిల్లలుంటే చెప్పి తగ్గించుకోండి. రాత్రికి చెప్పడం మరిచిపోయాం, ఆ శిక్షగా బన్నూ అరటిపండూ తిన్నాం.

జలపాతానికి గుడి దగ్గర నుంచి కిలోమీటరు పైచిలుకు నడక, ఎక్కువగా మెట్లే. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తయిన జలపాతం ఇదేనంటారు. మన జిల్లాకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే కదా, అందుకే డిసెంబరు, జనవరుల్లో నిండుగా ఉంటుంది. ఎండాకాలంలో వెళితే సన్నని ధార చూసి ఇంతేనా అనిపిస్తుంది. బుధవారం మధ్యాహ్నం అక్కడ మాతో కలిపి ఇరవై మంది కూడా లేరు. ఆ హోరు ఆదివారాల్లో ఎప్పుడూ నా చెవిన పడలేదు, జనం కేకలే వినేవాణ్ణి. బండలు నాచు పట్టి జారుడుగా ఉంటాయి, రబ్బరు చెప్పులు వద్దు. షాంపూ ప్యాకెట్లు మాత్రం బుధవారం కూడా రాళ్ల సందుల్లో మెరుస్తూనే ఉన్నాయి. చెక్‌పోస్టులో సీసాలు పట్టుకుంటారు, షాంపూ ప్యాకెట్టు ఎవరి జేబులో ఉందో ఎవరు చూస్తారు?

అత్త మెట్లలో సగం దాకా వచ్చి ఒక బండ మీద కూర్చుంది. "మీరు పోయిరాండి. నాకు ఇక్కడికి వినిపిస్తా ఉంది, చాలు" అంది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు గైడ్‌తో అడవిలో నడిచాం. ఈ ప్రయాణం మొత్తంలో పెట్టిన ఖర్చుకు నూటికి నూరుపాళ్లు దక్కింది ఇక్కడే. గైడ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, వన సంరక్షణ సమితి తరఫున పనిచేస్తారు. మాతో వచ్చిన కుర్రాడికి మాటలు తక్కువ, కళ్లు ఎక్కువ. ముందుగా గిల్లతీగ దగ్గరికి తీసుకుపోయాడు. తీగ అంటే సన్నగా ఉంటుందనుకుంటాం కదా, ఇది మా బాబు నడుమంత లావు. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మెలికలు తిరుగుతూ ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. కాయ మీటరు పొడవుంటుంది, లోపల గింజలు అరచేతిలో పట్టేంత, నున్నగా, గోధుమ రంగులో. కింద పడిన గింజ ఒకటి అత్త కొంగున కట్టుకుంది. గైడ్ నవ్వుతూనే "వద్దవ్వా, ఈడనే ఉండనీ, ఆకు కూడా బయటికి పోగూడదు" అన్నాడు. అత్త ముడి విప్పి గింజను తీగ మొదట్లో పెట్టింది, గుడిలో పువ్వు పెట్టినట్టు.

ఎర్రచందనం చెట్టు చూపించమంటే మా పక్కనే ఉన్నదాన్ని చూపించాడు. ఎర్రగా ఏమీ లేదు! నల్లటి బెరడు, మొసలి చర్మంలా పలకలు పలకలుగా చీలి ఉంది. ఎరుపంతా లోపలి చేవలోనే, అది కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది మన శేషాచలం, నల్లమల, ఆ చుట్టుపక్కల కొండల్లోనే. అందుకే ఇన్ని చెక్‌పోస్టులు, తిరుపతిలో ప్రత్యేకంగా ఒక టాస్క్‌ఫోర్స్. అత్త చెట్టును తట్టి చూసి, "మా నాయన దొడ్డికి ఇవే గుంజలు పాతినాడు. గొడ్లను దీనికే కట్టేసేవాళ్లం" అంది. గైడ్ నోరు తెరిచాడు. ఇప్పుడు ఆ గుంజల్లో ఒకటి ఇంట్లో దొరికితే కేసు.

బెట్టుడుతను, అంటే పెద్ద అడవి ఉడుతను, రెండుసార్లు చూశాం. ముదురు ఎరుపు వీపు, పిల్లిని మించిన ఒళ్లు, కొమ్మ నుంచి కొమ్మకు దూకితే ఆకులు వానలా రాలాయి. దేవాంగపిల్లి, బంగారు బల్లి ఉన్నాయన్నాడు, మాకు కనబడలేదు. చెట్ల మధ్య కట్టిన తాళ్ల వంతెన 240 మీటర్ల పొడవుంటుంది. వాన పడితే ఎక్కనివ్వరు. ముందురోజు రాత్రి జల్లు పడింది, కాబట్టి కింద నుంచే చూశాం. పిల్లలకు దాని మీదే ఆశ ఉంటే ఆరోజు తెరిచారో లేదో ముందే కనుక్కోండి.

మధ్యాహ్నం తిరుగుదారిలో అత్త కారు ఆపమంది. పొగ కనబడింది, బెల్లం వాసన. చెరుకు ఆడించి పెనంలో కాస్తున్నారు. గ్లాసుల్లో వేడి పాకం పోసిచ్చారు, డబ్బులు తీసుకోలేదు. బెల్లం కొనబోతే నేను పసుపుగా మెరుస్తున్న అచ్చు పట్టుకున్నాను, అత్త నా చేతి మీద కొట్టింది. రంగు రావడానికి హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు, నల్లగా ఉన్నదే తినేది అంది. పెనం దగ్గరున్న పెద్దాయన కూడా తలూపాడు. "మార్కెట్లో తెల్లదానికే రేటు సామీ, మా ఇంటికి మాత్రం నల్లదే" అన్నాడు. మూడు కిలోలు తెచ్చుకున్నాం. ఆయనే చెప్పాడు, ఏనుగులు చెరుకులోకి దిగుతున్నాయని, రాత్రిళ్లు మంచె మీద టపాసులు పెట్టుకుని కాపలా కాస్తున్నామని. తిరుపతివాళ్లకు అడవి జంతువంటే 2023లో అలిపిరి నడకదారిలో చిరుతే గుర్తొస్తుంది, భక్తుల చేతికి కర్రలిచ్చి పంపిన రోజులు. ఇక్కడివాళ్లకు అది ప్రతి రాత్రీ ఉండే పని.

తిరుపతికి దర్శనానికొచ్చి ఒక్కరోజు మిగిలినవాళ్లు, ముసలివాళ్లతో ఉంటే తలకోన బదులు నారాయణవనం దగ్గరి కైలాసకోన చూడొచ్చు. అక్కడి జలపాతం చిన్నది గాని నడక తక్కువ, పక్కనే గుహలో శివపార్వతులు, దారిలో కల్యాణ వేంకటేశ్వరస్వామి గుడి. మద్రాసు జనం ఎక్కువ, అడవి తక్కువ. నన్నడిగితే మోకాళ్లు ఎంత నొప్పిగా ఉన్నా తలకోనకే పోయి, సగం మెట్ల మీద కూర్చోండి అంటాను. దారిలో చంద్రగిరి రాజమహల్ చూడాలనుకుంటే శుక్రవారం వద్దు, మ్యూజియం మూసి ఉంటుంది.

ఇంటికొచ్చిన మూడోరోజు అత్త ఫోన్ చేసింది. శివరాత్రికి మళ్లీ పోదామట. ఆరోజు కోనలో కాలు పెట్టే చోటుండదు అత్తా, ఇంకెప్పుడైనా పోదాం అన్నాను. సరేలే అని పెట్టేసింది. సాయంత్రం వాళ్లబ్బాయి మెసేజ్ పెట్టాడు, పాకాల నుంచి భాకరాపేటకు బస్సు ఎన్నింటికో కనుక్కోమంటోంది అమ్మ అని.